ముందుగా పెట్టిన పూలు

ఫిబ్రవరి 3

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టరుగారు నన్ను మాట్లాడొద్దన్నారు, అంతే. నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు. మా ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినప్పటి నుంచి నువ్వు దేవుణ్ణి రోజూ అడుగుతున్నది ఇదే కదా!

గొంతు బొంగురుపోయి నెలలు దాటినా తగ్గలేదని లోపలినుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఫోను కూడా వద్దట. గుసగుసలూ వద్దట. గొంతుకి గుసగుస అరుపుకన్నా చెడ్డదట వదినా. ఈ ముక్క ముందే తెలిసుంటే మనిద్దరం వంటింట్లో ఎంత పాపం తప్పించుకునేవాళ్ళం!

బడిలో నా ఒకటో తరగతి పిల్లలు మొదట భయపడ్డారు. టీచరు అరవడం లేదంటే ఏదో కొంప మునిగిందని వాళ్ళ ఉద్దేశం. ఇప్పుడు డస్టరుతో బల్ల మీద ఒక దెబ్బ కొడితే కూర్చోవాలి, రెండు కొడితే నిలబడాలి. మూడు కొడితే ఏం చెయ్యాలో నేనింకా తేల్చుకోలేదు. వాళ్ళు మాత్రం మూడు కొట్టమని ఒకటే గొడవ.

ఇంట్లో బాగానే ఉంది. కింద లాండ్రీవాళ్ళ ఆవిరి మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది. ఇదివరకు తిట్టుకుని తలుపు వేసేదాన్ని. గొంతుకి మంచిదేమోనని ఇప్పుడు బార్లా తీసిపెడుతున్నాను. మొహం మీద ముడతలు కూడా పోతే నీకు రాస్తాను.

అన్నయ్యని నా కోసం ప్రార్థన చెయ్యమను. కాస్త పొట్టిగా చెయ్యమను. దేవుడికి వేరే పనులు కూడా ఉంటాయి.

నీ అర్ధమొగుడు


ఫిబ్రవరి 8

గంటమ్మా,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు తెలిసే అన్నారు. అసలు మొగుడి మాట వినపడనట్టు నటించొచ్చు. నీ మాట అలా కాదే, ప్రహరీ దాటి పోయేది. అందుకే కదా మామయ్యగారు నీకు గంట అని పేరు పెట్టింది. నువ్వు మూగనోము పట్టావంటే బస్టాండులో మా క్యాషియరు నమ్మలేదు. ఫోన్లో నీ గొంతు విని ఆయన ఒకసారి రిసీవరు దూరంగా పట్టుకున్నాడు, గుర్తుందా?

టికెట్ కౌంటర్లో కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. అద్దం అవతల ఒక పెద్దమనిషి వెళ్ళిపోయిన బస్సుకే టికెట్ ఇమ్మని దెబ్బలాడి ఇప్పుడే పోయాడు.

మీ అన్నయ్య సంగతి చెబుతాను విను. నీ గొంతు బొంగురుపోయిందని తెలిసిన దగ్గర్నుంచీ ప్రతి శుక్రవారం సంఘమంతటి చేతా ఉపవాసం చేయిస్తున్నారు. పాస్టరు పెళ్ళాన్ని కదా, నాకు తప్పుతుందా! ఆకలేస్తే నాకు భక్తికన్నా కోపం ఎక్కువ వస్తుంది. అయినా ఉంటున్నాను. పోయిన ఆదివారం ప్రసంగంలో, నమ్మి అడిగితే ఆయన కాదనడని బల్ల గుద్ది మరీ చెప్పారు. ఆ గుద్దుకి పూలకూజా ఎగిరిపడింది. ఖాళీది కాబట్టి సరిపోయింది.

అవును, ఇంకా ఖాళీయే. మీ నాన్నగారు పెట్టిన పద్ధతి మీ అన్నయ్య ఒక్క వెంట్రుకవాసి కూడా మార్చరు. ప్రార్థన ఫలించినవాళ్ళే ఆ కూజాలో పూలు పెట్టాలి, ఎవరికీ ఫలించకపోతే ఖాళీగా ఉండాలి. ఈ మధ్య వరసగా ఖాళీ. దాన్ని చూసినప్పుడల్లా ఈయన పరీక్ష తప్పిన పిల్లాడిలా మొహం పెడుతున్నారు. "చూస్తూ ఉండండి, ఈసారి పూలు మా చెల్లెలివే" అని కనపడినవాళ్ళందరికీ చెబుతున్నారు.

కాబట్టి త్వరగా నయం చేసుకో. నీ కోసం కాదు, నా శుక్రవారం భోజనం కోసం.

వదిన


ఫిబ్రవరి 20

వదినా,

ఇది చిన్న ఉత్తరం. ఈ ఆదివారం నా పేరు మీద కూజాలో పూలు పెట్టించు. పసుపుపచ్చవి దొరికితే అవే. నేను దేవుడికి వందనాలు చెబుతున్నానని అన్నయ్యతో చెప్పు.

రిపోర్టు వచ్చింది. మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను. ఇవాళ్టికి నాకు ఇంతే చేతనైంది.

మూడు దెబ్బలకి అర్థం దొరికింది. అందరూ కలిసి ఒక్కసారి గట్టిగా నవ్వాలి. హెడ్మిస్ట్రెస్ వచ్చి చూసి వెళ్ళిపోయింది.

గంట


ఫిబ్రవరి 26

నా బంగారు గంటా,

నీ ఉత్తరం కౌంటర్లోనే చదివి లేచి నిలబడిపోయాను. వరసలో ముందున్నావిడ నాకేదో అయిందనుకుని మంచినీళ్ళు తెమ్మని అరిచింది.

పసుపుపచ్చ పూలే దొరికాయి. కూజా పట్టనన్ని తెచ్చాను. మీ అన్నయ్య బల్ల దగ్గర నిలబడి, "దేవుడు నా చెల్లెలి గొంతు బాగుచేశాడు" అన్నారు. అంత పెద్దమనిషి పూలలో మొహం పెట్టుకుని ఏడ్చారు. వడ్రంగి తాతయ్య స్తోత్రం అని ఎంత అరిచాడంటే, ఇక నీకు సంఘంలో పోటీ మొదలైనట్టే. ముందు వరసలో చెవుడున్న పెద్దావిడ సంగతేంటో తెలియకపోయినా అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది.

అందరూ వెళ్ళాక మా కండక్టరు భార్య వచ్చింది. లగేజీ ఎక్కిస్తూ బస్సు మీదినుంచి పడి నడుం విరిగినాయన, ఆయన భార్య. ఇక నడవడని పెద్ద డాక్టర్లు చెప్పేశారు కదా. మా బస్సు ఆఫీసువాళ్ళు చక్రాల కుర్చీ ఇస్తామంటే వద్దని చెప్పేసి వచ్చిందట. "అయ్యగారి చెల్లెలికి చేసిన దేవుడు మా ఆయనకి చెయ్యడా అమ్మగారూ? కుర్చీ తీసుకుంటే నమ్మనట్టే కదా" అంది. మీ అన్నయ్య రోజూ వాళ్ళింటికి వెళ్ళి ప్రార్థన చేస్తున్నారు.

వచ్చే నెల ఆఖరి ఆదివారం నువ్వొచ్చి పాడతావని ప్రకటించేశారు. సెలవు పెట్టు. ముందుసీటు టికెట్ నేను పంపిస్తాను.

ఎగిరి గంతేస్తున్న వదిన


మార్చి 2

వదినా,

ఎంత పని చేశారు! నేను పూలు పెట్టమన్నాను. అద్భుతం చెయ్యమన్నానా?

నాకు నయం కాలేదు. గొంతులో ఉన్నది క్యాన్సరు. మందులకి లొంగే దశ దాటిందట. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఈ నెల ఇరవైన ఆపరేషను. మనిషి బతుకుతుంది, మాట ఉండదు. గొంతుకి ఆనించి మాట్లాడే మిషను ఒకటుందట. దాంతో మాట్లాడితే చెడిపోయిన రేడియోలా ఉంటుందని, దానికి అలవాటుపడొచ్చని డాక్టరుగారు చాలా మర్యాదగా చెప్పారు.

అన్నయ్య నన్ను ఒక్క మాట అడగలేదేం? నయమైందని నేనెక్కడ రాశాను? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, నేను పాడే ఆదివారం కూడా ప్రకటించేశాడా! అన్నయ్య ఆ ఖాళీ కూజా చూడలేక, అనుమానం వచ్చినా కావాలనే అడగలేదని నాకనిపిస్తోంది. ఇలా అనుకోవడం నాకే బాధగా ఉంది.

పూలు ఎందుకంటావా? మనమెవరింటికైనా భోజనానికి వెళితే, బయల్దేరేముందు వాళ్ళ గుమ్మంలోనే కదా చెబుతాం, బాగుందని. ఇంటికొచ్చి పడుకున్నాక గోడకి చెప్పం. ఇన్నేళ్ళు గొంతునిచ్చాడు. పిల్లలకి అక్షరాలు చెప్పాను, పాటలు పాడాను, నీతో దెబ్బలాడాను. ఇక గుమ్మంలో ఉన్నాను. మాట ఉండగానే చెప్పుకోవాలనిపించింది. అంతే.

ఆ కండక్టరు భార్యకి వెంటనే నిజం చెప్పండి. నా పూలు చూసి ఆమె కుర్చీ వదులుకోవడం నేను భరించలేను.

గంట


మార్చి 7

గంటా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఏడ్చాను, తర్వాత నీ మీద మండిపడ్డాను. ఆ వరసలోనే రాస్తున్నాను.

ఆ కూజాలో పూలంటే మన సంఘంలో అర్థం ఒకటే. ఆ పద్ధతి పెట్టింది మీ నాన్న. నువ్వు ఆ బల్ల కిందే ఆడుకుని పెరిగావు. పూలు పెట్టమని రాసి, మిగతాది తర్వాత రాస్తానంటే మేమేమనుకోవాలి? అడిగితే ఫోనెత్తవు. మీ అన్నయ్య కావాలని చెయ్యలేదే. ఆయనకి అంత తెలివి లేదని నీకన్నా నాకు బాగా తెలుసు.

ఇప్పుడాయన అన్నం సరిగ్గా తినడం లేదు. నిజం చెప్పండంటే, "ఇరవై దాకా టైముంది, ఈలోగా దేవుడు చెయ్యలేడా? ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నేనే నమ్మనట్టు కదా" అంటున్నారు. మాటకి మాట కండక్టరు భార్య చెప్పినట్టే ఉంది. ఆమె ఈయన దగ్గర నేర్చుకుందో, ఈయన ఆమె దగ్గర నేర్చుకున్నారో తెలియడం లేదు. రోజూ వాళ్ళింటికి మాత్రం వెళుతున్నారు. వచ్చి చెప్పులు విప్పకుండా వరండాలో కూర్చుంటున్నారు.

ఇక నా సంగతి. అడగందే అమ్మైనా పెట్టదంటారని అడిగాం. పస్తులుండి అడిగాం. ఏం పెట్టాడు? పాస్టరుగారి భార్యని, ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నాకు కృతజ్ఞత రావడం లేదే. నోట్లోంచి రావడం లేదు, లోపలా లేదు. నువ్వు ఎలా చెప్పగలిగావు? అడగడం మానేశావా? ఓడిపోయి, అదే భక్తి అనుకుంటున్నావా? అలాగైతే ఆ పూలు నాకొద్దు.

వదిన


మార్చి 11

వదినా,

తిట్లు అందాయి. సగం నావే. కూజా సంగతి నాకు తెలుసు. తెలిసీ రాశాను. మొదట చెడ్డ కబురు చెబితే ఎవరూ పూలు పెట్టనివ్వరని భయం. అన్నయ్యని అనుమానించినందుకు క్షమించమను. తెలివి సంగతి నువ్వు చెప్పాక నమ్మకం కుదిరింది.

అడగడం ఎందుకు మానేస్తాను? పొద్దున్నే లేచి మొదట వందనాలు చెబుతాను, వెంటనే గొంతు ఉంచమని అడుగుతాను, ఆ తర్వాత దెబ్బలాడతాను. నా గొంతే ఎందుకు, బడిలో లెక్కల మాస్టారి గొంతు తీసుకుంటే పిల్లలు కూడా సంతోషించేవాళ్ళు కదా అని కూడా అన్నాను. ఇదంతా ఒకే ప్రార్థనలో. ఆయనకి తికమకగా ఉంటుందేమో, నాకు మాత్రం అలాగే వస్తోంది.

నీ కౌంటర్లో డబ్బులు లోపలికి తోస్తే టికెట్ బయటికొస్తుంది. ఆయన దగ్గర అలా ఉండదు వదినా. ఉపవాసాలు ఇటునుంచి తోశాం కాబట్టి గొంతు అటునుంచి రావాలని లేదు. నాకూ ఇది మింగుడుపడటం లేదు. జబ్బుకి వందనాలు చెప్పలేదు నేను, చెప్పను కూడా. మంచిది ఇచ్చాడు, దానికి చెప్పాను. తీసుకుంటున్నాడు, దానికి ఏడుస్తున్నాను. రెంటికీ ఆయన దగ్గరికే వెళ్ళాలి, వేరే గుమ్మం నాకు తెలియదు.

నీకు కృతజ్ఞత రాకపోతే పోనియ్యి. రానిదాన్ని తెచ్చిపెట్టుకోకు.

కానీ అన్నయ్యకి ఇది చదివి వినిపించు. అన్నయ్యా, నీ మాట నమ్మి ఒక మనిషి మంచానికి అతుక్కుని ఉన్నాడు. రేపు అతను లేవకపోతే, ఆ ఇల్లాలు నీ ప్రసంగాన్ని తప్పు పట్టదు, తన నమ్మకమే చాలలేదని తలుచుకుని కుమిలిపోతుంది. నా గొంతు ఎలాగూ పోతుంది. నీది ఉంది కదా, చెప్పు.

ఆపరేషనుకి నువ్వు రావాలి వదినా. భయంగా ఉంది.

గంట


మార్చి 16

గంటమ్మా,

చెప్పారు. ఇవాళే.

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఈ రోజు ప్రసంగం కాగితాలు ఇంట్లోనే వదిలి వెళ్ళారు. మర్చిపోయారనుకుని నేను వెనకాల పరిగెత్తాను. అక్కర్లేదన్నారు.

బల్ల దగ్గర నిలబడి, "నేను మీకు అబద్ధం చెప్పాను" అన్నారు. "తెలియక చెప్పాను. తెలిశాక ఊరుకున్నాను. కాబట్టి అబద్ధమే. నా చెల్లెలికి నయం కాలేదు. గొంతు తీసేస్తున్నారు. నేనడిగాను, మీరడిగారు, పస్తులున్నారు. ఆయన ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలిసినట్టు మాట్లాడాను. ఆ పూలు మా చెల్లెలు ముందే పెట్టింది. నేనింకా పెట్టలేకపోతున్నాను. నా కోసం ప్రార్థన చెయ్యండి."

వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎవరూ కదల్లేదు. చెవుడున్న పెద్దావిడ మాత్రం పోయినసారిలాగే చప్పట్లు కొట్టింది. ఆపమని ఎవరూ అనలేదు.

నేను భయపడింది కండక్టరు భార్య గురించి. బయట గేటు దగ్గర ఆగి ఉంది. మీ అన్నయ్య చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడ్డారు, తిట్టించుకోవడానికి సిద్ధంగా. ఆమె అంది, "నా నమ్మకంలోనే లోటుందనుకుని చచ్చిపోయానయ్యగారూ. మీ ఇంట్లోనూ కాదన్నాడంటే, లోటు నాది కాదన్నమాట." మనసారా ఏడ్చింది. ఏడ్చి, కుర్చీ ఇంకా ఇస్తారా అని నన్నడిగింది. మా ఆఫీసు తలుపు నేనే బాది అడుగుతానన్నాను.

నేను పద్దెనిమిదిన బయల్దేరుతున్నాను. మీ అన్నయ్య వెనకాల వస్తారు. ఇంకో సంగతి. నాకింకా ఆ కృతజ్ఞత రాలేదే. వచ్చినట్టు నటించను. నువ్వే కదా తెచ్చిపెట్టుకోవద్దన్నావు. పెద్ద సంచితో వస్తున్నాను, తిట్టకు.

వదిన


మార్చి 25

వదినా,

ఎదురుగా కూర్చున్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. నువ్విప్పుడు నారింజపండు ఒలుస్తున్నావు. ముక్కులో గొట్టంతో ఉన్నదానికి అదెందుకో, నువ్వే తింటావులే. నర్సు పలక ఇచ్చింది. పలక మీద రాస్తే నువ్వు చదివి తుడిచేస్తావు. ఇది నీ దగ్గర ఉండాలి.

ముందు ఒక ఫిర్యాదు. ఆపరేషనుకి వెళ్ళేటప్పుడు ఆఖరి మాట ఏం మాట్లాడాలో చక్కగా ఆలోచించి దాచిపెట్టుకున్నాను. దేవుడికి చెప్పాల్సిన మాట. తలుపు దాకా వచ్చేసరికి నీ సంచి దారికి అడ్డంగా ఉంది. "వదినా, ఆ సంచి తియ్యి, ఎవరైనా తట్టుకుని పడతారు" అన్నాను. తలుపు మూసేశారు. నా గొంతులో ఆఖరి మాట నీ సంచికి ఖర్చయింది. నిన్ను క్షమించడానికి టైము పడుతుంది.

ఇక అసలు సంగతి. పొద్దున లేచి అలవాటుగా నోరు తెరిచాను. ఏమీ రాలేదు. రాదని డాక్టరుగారు బొమ్మ గీసి మరీ చెప్పారు, అయినా తెరిచాను. ఏడుపొచ్చింది. ఏడుపుకి కూడా చప్పుడు లేదు. ముందుగానే వందనాలు చెప్పేసినదాన్ని కదా, ధైర్యంగా ఉంటాననుకున్నాను. లేను వదినా. నీకు అంత గొప్పగా రాసినదాన్ని, ఇవాళ ఆయనకి చెప్పడానికి నాకు లోపల కూడా ఒక్క మాట దొరకలేదు.

నేను నిద్రపోతున్నాననుకుని నువ్వు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళావు. అటు తిరిగి నిలబడి మొదలుపెట్టావు. "ప్రభువా, దీని గొంతు తీసేసుకున్నావు. నాకు నచ్చలేదు. నీకు కాక ఎవరికి చెప్పుకోను? ఇన్నేళ్ళు మాకు వినిపించావు, వందనాలు. పిల్లలకి వినిపించావు, వందనాలు. మనిషిని మాకు ఉంచావు..." అని ఆగిపోయావు. ముక్కు చీదావు. నీకిక రాదేమో అనుకున్నాను. "వందనాలు" అన్నావు.

అయిపోయాక నువ్వు ఆగావు. మన ఇంట్లో ప్రార్థన ఎవరు చేసినా చివర గట్టిగా పలికేది నేనే కదా, ఆ అలవాటుకొద్దీ ఎదురుచూశావు. తర్వాత గుర్తొచ్చినట్టుంది, నీ భుజాలు కుంగిపోయాయి.

నేను అన్నాను వదినా. నువ్వు అటు తిరిగి ఉన్నావు. ఆమెన్ అన్నాను, గట్టిగానే.

నీ గంట